లైట్లు పెడితే వరదొచ్చిందా?

షోరూం నుంచి వచ్చింది వచ్చినట్టుగా ఉన్న బండి మా ఊళ్లో వెతికినా దొరకదు. పాలు పోసేవాళ్ల బండికి రెండు పక్కలా ఇనుప స్టాండు ఉంటుంది, క్యాన్లు తగిలించడానికి. పత్తికి మందు కొట్టేవాళ్ల బండికి వెనక పొడుగు క్యారియర్ ఉంటుంది, స్ప్రేయర్ కట్టుకోవడానికి. లెగ్ గార్డు అందరికీ ఉంటుంది. పొద్దున నాలుగున్నరకే రోడ్డెక్కేవాళ్లకు ముందర రెండు ఎల్‌ఈడీ లైట్లు ఉంటాయి, ఎందుకంటే రోడ్డు మీద పడుకున్న బర్రె కంపెనీ లైటుకు దగ్గరికొస్తే గానీ కనబడదు.

మన కాలేజీ పార్కింగ్‌లో కథ వేరు. సైలెన్సర్, హ్యాండిల్, అద్దాలు, ప్రొజెక్టర్ లైటు, స్టిక్కర్లు. ఊళ్లో అవసరం, ఇక్కడ స్టైల్. కానీ ఇన్సూరెన్స్ కాగితానికి ఈ తేడా తెలీదు. కంపెనీ బిగించి పంపనిది ఏదైనా దానికి ఒకటే పేరు: యాక్సెసరీ. పాలసీలో ఆ పేరుకు ఎదురుగా ఒక గడి ఉంటుంది. చాలామంది కాగితాల్లో ఆ గడిలో సున్నా ఉంటుంది. మా బాపు బండి కాగితంలో కూడా సున్నానే ఉండింది.

మాది నర్సింహులపేట. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. అటు తొర్రూరు, ఇటు మరిపెడ, పక్కన ఆకేరు వాగు. 2024 ఆగస్టు 31 శనివారం రాత్రి మొదలైన వాన ఎలాంటిదో ఈ చుట్టుపక్కల జిల్లాల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తెల్లారి సెప్టెంబర్ 1 నాటికి మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు బ్రిడ్జి మీద నుంచి పారింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఆ ఆకేరులోనే ఒక కారు కొట్టుకుపోయి తండ్రీ కూతుళ్లు చనిపోయారు. అలాంటి రోజుల్లో బండి పాడైందని అనడానికే సిగ్గనిపించేది. అందుకే వారం దాకా మా ఇంట్లో ఎవరూ బండి గురించి గట్టిగా మాట్లాడలేదు.

కానీ మా ఇంట్లో ఆ బండి అంటే పాలు. పాలంటే నెలకు రెండుసార్లు వచ్చే బిల్లు. ఆ బిల్లులోంచే నా హాస్టల్ ఫీజు.

మా వాడ పల్లంలో ఉంటుంది. చెరువు నీళ్లు, వాన నీళ్లు కలిసి రాత్రికి రాత్రే వాకిట్లోకి వచ్చాయి. వాకిట్లో పెట్టిన బండి ట్యాంకు దాకా మునిగింది. నీళ్ల వేగానికి పక్కకు జరిగి వేపచెట్టుకు కొట్టుకుంది. లెగ్ గార్డు వంగింది, పాల స్టాండు ఒక పక్క విరిగింది. నీళ్లు తీశాక బండి మీద మట్టి గీత మిగిలింది, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో స్కేలు పెట్టి గీసినట్టు. ఆ గీతను ఫోన్లో ఫొటో తీశాను. అప్పుడు దేనికి పనికొస్తుందో తెలీదు, ఊరికే తీశాను.

బాపు కిక్ కొట్టబోతుంటే మా వాడ మెకానిక్ అన్న దూరం నుంచే అరిచాడు, "కొట్టకు కాకా! లోపట నీళ్లుంటయ్!" అని. ఆ అరుపు విలువ నాకు తర్వాత తెలిసింది. గాలిని నొక్కితే ఇరుకుతుంది, నీళ్లను నొక్కితే ఇరకవు. సిలిండర్‌లో నీళ్లున్నప్పుడు ఇంజిన్ తిప్పితే పిస్టన్ పైకి పోలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దాన్ని హైడ్రోస్టాటిక్ లాక్ అంటారు. వరదలో మునిగిన నష్టం మామూలు పాలసీలో ఉంటుంది. మునిగాక స్టార్ట్ చేస్తే వచ్చిన నష్టం మాత్రం వరద వల్ల కాదు, నువ్వు స్టార్ట్ చేయడం వల్ల అని కంపెనీ అనొచ్చు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అని వేరే యాడ్ ఆన్ ఉంటుంది. అది మాకు లేదు. కాబట్టి ఆ రోజు మా ఇంజిన్‌ను కాపాడింది మెకానిక్ అన్న గొంతు.

ఇక కాగితం సంగతి. బాపు బీరువాలోంచి ప్లాస్టిక్ కవర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇంగ్లీషు మీడియం సదివినవ్ గదరా, గిండ్ల ఏం రాసిండ్రో సదివి చెప్పు" అన్నాడు.

చదవడం పెద్ద పని కాదు. చెప్పడమే పని. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషులో చదివినవాడికి ఆ కాగితంలో అర్థం కాని మాట దాదాపు లేదు. కానీ "డిప్రిసియేషన్" అని చదివి బాపు మొహం చూస్తే, ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు, నేనింకా ఏమీ చెప్పనట్టు. నిజంగానే నేను ఏమీ చెప్పలేదు. ఇంగ్లీషు మాటను తెలుగు యాసలో పలికానంతే.

అందుకని ఇద్దరం మంచం మీద కూర్చుని ఒక్కో మాటకూ మా మాట వెతుక్కున్నాం. అవి ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే మీ ఇంట్లో కాగితంలో కూడా ఇవే మాటలు ఉంటాయి.

థర్డ్ పార్టీ అంటే "మన బండి తగిలి దెబ్బ తిన్నవాళ్లకు ఇచ్చేది". ఇది లేకుండా బండి నడపకూడదని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతుంది. లేకపోతే మొదటిసారి 2,000 రూపాయల ఫైన్ లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇందులో మన బండి రిపేరుకు ఒక్క రూపాయి కూడా రాదు.

ఓన్ డ్యామేజ్ అంటే "మన బండికి దెబ్బ తగిలితే మనకిచ్చేది". ఇది మన ఇష్టం. వరద, తుఫాను, దొంగతనం, నిప్పు, యాక్సిడెంట్ అన్నీ దీని కిందికే వస్తాయి.

ఐడీవీ అంటే "బండికి కాగితం మీద ఇవాళ్టి ధర". షోరూంలో 85,000 అనుకుంటే, ఏడాది దాటిన బండికి 20 శాతం తీసేసి 68,000 అని రాస్తారు. బండి దొరక్కుండా పోతే ఇచ్చేది దీన్ని బట్టే. రిపేరు ఖర్చు ఇందులో 75 శాతం దాటితే బండి మొత్తం పోయినట్టే లెక్క.

డిప్రిసియేషన్‌కి బాపే మాట ఇచ్చాడు: "అరుగుదల". ఇచ్చి వెంటనే అడిగాడు, "మరి నీళ్లల్ల మునిగినదానికి అరుగుడేందిరా?" అని. మంచి ప్రశ్న. జవాబేంటంటే, పాత సామాను పోయిన చోట కొత్త సామాను వేస్తున్నారు. అప్పటిదాకా అరిగిన భాగం నీ వంతు, మిగిలింది కంపెనీ వంతు. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీకి బండి వయసుతో పని లేకుండా 50 శాతం కోత. ఇనుప సామానుకు వయసును బట్టి: ఆరు నెలల లోపు ఏమీ లేదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, ఐదేళ్ల లోపు 35, అక్కడి నుంచి పదేళ్ల దాకా 40, ఆ పైన 50. జీరో డిప్రిసియేషన్ అనే యాడ్ ఆన్ తీసుకుంటే ఈ కోత ఉండదు. మా బండి 2022 నవంబర్‌లో కొన్నది. కాబట్టి ఇనుముకు 10 శాతం కోత.

కంపల్సరీ డిడక్టబుల్ అంటే "ఎట్లయినా మనం పెట్టుకునేది". టూవీలర్‌కి అది 100 రూపాయలు.

నో క్లెయిమ్ బోనస్ అంటే "అడగకుండా ఉన్నందుకు తగ్గింపు". ఒక ఏడాది క్లెయిమ్ చేయకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం, అలా పెరుగుతూ 50 శాతం దాకా. క్లెయిమ్ చేస్తే మళ్లీ సున్నా. అందుకే అద్దం పగిలినంత చిన్నవాటికి క్లెయిమ్ చేస్తే వచ్చేదానికంటే పోయేది ఎక్కువ కావచ్చు.

ఇక యాక్సెసరీలు. పాలసీలో రెండు గడులు: ఎలక్ట్రికల్, నాన్ ఎలక్ట్రికల్. రెండిట్లోనూ సున్నా. బండి కొన్నప్పుడు షోరూంలోనే ఎవరో టైపు చేసిన సున్నాలు అవి. అప్పటికి లైట్లు, స్టాండు లేవు కూడా. ఏడాది తర్వాత రెన్యువల్ ఫోన్లో అయింది, పాత వివరాలే కొత్త కాగితంలోకి వచ్చాయి. మధ్యలో బండి మారింది, కాగితం మారలేదు. మా డీబీఎంఎస్ క్లాసు భాషలో చెప్పాలంటే, టేబుల్ అప్‌డేట్ కాలేదు, క్వెరీ పాత విలువే చూపిస్తోంది.

ఫోన్లు రెండు రోజులు పని చేయలేదు. మూడో రోజు సిగ్నల్ రాగానే కంపెనీ నంబర్‌కు చెప్పాం. అవతల అమ్మాయి "ఎందుకు లేటుగా చెబుతున్నారు" అని అడిగింది. ఊరు మునిగింది మేడం అన్నా. రాసుకుంది. లేటు అనే ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్‌ను కొట్టేయొద్దని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబర్‌లోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. 2017లో ఒక లారీ దొంగతనం కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. ఈ రెండూ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. అయినా వీలైనంత తొందరగా చెప్పడమే మంచిది. చెప్పాక, సర్వేయర్ చూసేదాకా బండి విప్పకూడదు.

బండిని ఆటో ట్రాలీలో షోరూంకి తీసుకెళ్లాం. సర్వేయర్ వచ్చి చూశాడు. రిపేరు అంచనా మొత్తం 21,000 రూపాయలు. అందులో ఏమేం ఉన్నాయంటే:

ఇంజిన్ లోపలి సామాను, బేరింగులు, చైను లాంటి ఇనుము: 4,200.
బ్యాటరీ, రబ్బరు, ప్లాస్టిక్: 3,000.
ఆయిళ్లు, గ్రీజు: 700.
వైరింగ్ సెట్టు, ఎలక్ట్రానిక్ యూనిట్: 6,000.
లేబర్: 2,500.
పాల స్టాండు, లెగ్ గార్డు, ఎల్‌ఈడీ లైట్లు: 4,600.

పది రోజులకు మెసేజ్ వచ్చింది. ఆమోదించింది 7,680.

లెక్క వేశాం. ఇనుముకు 10 శాతం పోగా 3,780. రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీకి సగం, 1,500. ఆయిళ్లు కన్స్యూమబుల్స్ కిందికి వస్తాయి, వాటికి వేరే యాడ్ ఆన్ ఉండాలి, సున్నా. లేబర్ పూర్తిగా 2,500. మన వంతు 100 తీసేస్తే సరిగ్గా 7,680. లైట్లు, స్టాండు, గార్డు రావని అప్పటికే తెలుసు. కానీ 6,000 వైరింగ్, ఎలక్ట్రానిక్ యూనిట్ ఏమైనట్టు?

అడిగితే సర్వే రిపోర్టులోని వాక్యం చెప్పారు. బండికి బయట నుంచి లైట్లు బిగించి ఉన్నాయి, అది అనుమతి లేని ఎలక్ట్రికల్ మార్పు, కాబట్టి ఎలక్ట్రికల్ నష్టం ఇవ్వడం కుదరదు అని.

అది బాపుకు తెలుగులో చెప్పాను. ఈసారి ఏ మాటకూ అర్థం వెతుక్కోలేదు. ఒక్క నిమిషం ఊరుకుని అన్నాడు, "ఏందిరా? లైట్లు పెడితే వరదొచ్చిందా?"

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆ రాత్రి కూర్చుని చదువుతుంటే తెలిసింది, ఇన్సూరెన్స్ చట్టంలో పెద్ద పెద్ద లాయర్లు వాదించేది సరిగ్గా ఈ ప్రశ్నే అని. దాన్ని ప్రాక్సిమేట్ కాజ్ అంటారు. నష్టానికి అసలు కారణం ఏది అని. మార్పు చేశావా అన్నది ఒక ప్రశ్న. ఆ మార్పు వల్లే ఈ నష్టం జరిగిందా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి "అవును" అని వస్తే రెండోదానికి కూడా అదే జవాబు రాసేసుకోవడం కుదరదు.

సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటివి వచ్చాయి. 2008లో నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ కేసు ఒకటి. సొంతానికి వాడతామని ఇన్సూర్ చేసిన బండిని కిరాయికి తిప్పారు, అది దొంగతనానికి గురైంది. షరతు తప్పారు కాబట్టి ఏమీ ఇవ్వం అంది కంపెనీ. దొంగతనం విషయంలో ఆ షరతు ముఖ్యం కాదని, క్లెయిమ్ మొత్తాన్ని కొట్టేయడం తప్పని, 75 శాతం ఇవ్వాలన్న తీర్పును కోర్టు నిలబెట్టింది. 2010లో ఇంకో కేసులో కూడా ఇదే దారిలో చెప్పింది.

ఇక్కడ ఒక మాట మన పార్కింగ్ కోసం. దీన్నిబట్టి ఏ మార్పు చేసినా ఫర్వాలేదని అనుకోవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో రాసిన వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు లెక్కకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. ఆ ఏడాదే వచ్చిన సవరణ ప్రకారం, చట్టం ఒప్పుకోని మార్పు చేయించిన ఓనర్‌కి ఒక్కో మార్పుకు 5,000 ఫైన్ లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చట్టంలో మార్పు అంటే బండి మౌలిక స్వరూపాన్ని మార్చే కట్టుబడి మార్పు అని వివరణ ఉంది. ఫ్రేము కోయడం, ఇంజిన్ మార్చడం ఒక ఎత్తు. లెగ్ గార్డు, సీటు కవర్ ఒక ఎత్తు. ఇక బ్రేకు డిస్కు మార్చి, ఆ బ్రేకు పడక గుద్దుకున్నావనుకోండి, అప్పుడు "డిస్కు మారిస్తే గుద్దుకుందా" అని మా బాపు లాగా అడగలేం. ఎందుకంటే జవాబు అవును.

మా విషయంలో జవాబు కాదు. అది మాటల్లో కాదు, కాగితంలో చూపించాలి. కంపెనీ గ్రీవెన్స్ మెయిల్‌కి రాయడానికి కూర్చున్నాం. ఇంగ్లీషులో రాసింది నేను, కానీ వాక్యాలు చెప్పింది బాపు. ఆయన ఒక్కోటి చెబుతుంటే నేను టైపు చేస్తూ పోయా.

ఒకటి, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఈ ఫొటోలో గీత ఉంది. ఎలక్ట్రానిక్ యూనిట్ ఆ గీతకు కింద ఉంది. రెండు, లైట్లకు వేరే స్విచ్చు, వేరే ఫ్యూజు ఉన్నాయి. ఆ ఫ్యూజు కాలలేదు, ఫొటో చూడండి. మూడు, లైట్లకు వైరు కలిపిన చోట కాలిన గుర్తు లేదు. తుప్పు, బురద ఉన్నది దానికి దూరంగా కంపెనీ వేసిన కనెక్టర్లలో. నాలుగు, ఇదే మాట మెకానిక్ రాసి సంతకం పెట్టిన కాగితం జత చేశాం. ఐదు, లైట్లకు, స్టాండుకు, గార్డుకు మేం ప్రీమియం కట్టలేదు, వాటికి డబ్బులు అడగడం లేదు. ప్రీమియం కట్టిన వాటికే అడుగుతున్నాం.

ఐదో పాయింటు వద్దు, మనమే ఎందుకు వదులుకోవడం అని చిన్నాయన అన్నాడు. బాపు ఒప్పుకోలేదు. "రానిది అడిగితే, వచ్చేది గూడ అబద్ధమే అనుకుంటరు" అన్నాడు. నాకు ఆ మెయిల్లో బలమైన పాయింటు అదే అనిపిస్తుంది ఇప్పటికీ.

పంపాక కంపెనీ ఒప్పుకోకపోతే ఏం చేయాలో కూడా చూసి పెట్టుకున్నా. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, 155255కి ఫోన్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు కూడా హైదరాబాద్‌లోనే. ముందు కంపెనీకి రాసి ఉండాలి. వాళ్లు నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాది లోపు ఆంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

అంతదాకా పోలేదు. పంతొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. వైరింగ్, ఎలక్ట్రానిక్ యూనిట్‌కి 10 శాతం పోగా 5,400 కలిపారు. మొత్తం 13,080. మేం చేతి నుంచి పెట్టుకున్నది 7,920. అందులో 4,600 ఆ సున్నా గడులదే.

ఆ గడుల్లో అంకె వేయించడానికి ఎంత అయ్యేదో కూడా లెక్కేశా. పాత టారిఫ్ లెక్కలో ఎలక్ట్రికల్ యాక్సెసరీలకు వాటి విలువ మీద 4 శాతం అదనపు ప్రీమియం. మా లైట్లు 1,300. అంటే ఏడాదికి 52 రూపాయలు. స్టాండుకు, గార్డుకు బండికి వేసే రేటే వేస్తారు. ఇప్పుడు కంపెనీని బట్టి రేటు మారుతుంది, కానీ ఆ దగ్గర్లోనే ఉంటుంది. వందా నూట పది రూపాయలకు పై మాట కాదు. బిల్లులు ఉంటే మంచిది. తొర్రూరులో స్టాండు వెల్డింగ్ చేయించిన చోట బాపు బిల్లు అడిగితే ఆ మనిషి ఆశ్చర్యపోయాడట, ఇన్నేళ్లలో పాల స్టాండుకు బిల్లు అడిగినవాడు నువ్వే అని. అయినా పాత లెటర్ ప్యాడ్ వెతికి రాసిచ్చాడు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. గడిలో రాయించినా, పార్కింగ్‌లో ఎవడైనా మీ లైట్లో అద్దాలో మాత్రమే విప్పుకుపోతే డబ్బులు రావు. టూవీలర్ పాలసీలో స్పష్టంగా ఉంటుంది: యాక్సెసరీ దొంగతనం అయితే, బండి కూడా దాంతోపాటు పోయి ఉండాలి. హాస్టల్ వాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. జీరో డిప్రిసియేషన్ ఉన్నా గడిలో లేని సామానుకు ఏమీ రాదు, అది కూడా.

మాకు డబ్బులు వచ్చిన సంగతి వాడలో తెలిసింది. తర్వాతి ఆదివారం మా ఇంటికి ఏడుగురు వచ్చారు, చేతిలో ప్లాస్టిక్ కవర్లతో. కొన్ని తడిసి ఆరి అతుక్కుపోయిన కాగితాలు. బాపు మంచం వేశాడు, అమ్మ టీ పెట్టింది, నేను ఒక్కోటి చదివి చెప్పా. ఇప్పుడు మాటలు తడుముకోలేదు. అరుగుదల, కాగితం ధర, మన వంతు. వాళ్లు తలూపుతూ ప్రశ్నలు అడిగారు.

ఏడింట్లో నాలుగు థర్డ్ పార్టీ మాత్రమే. వాటిలో ఒకటి తండా నుంచి వచ్చిన అన్నది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాడు. ఫైనాన్స్ మీద కొన్న బండి, కిస్తులు ఇంకా ఉన్నాయి. కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఐదేళ్ల తేదీ ఉంది, ఆ తేదీ ఇంకా దాటలేదు. నాకు రావాలె కదా తమ్మీ అన్నాడు.

2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్‌కి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి, సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం. కానీ షోరూంలో దాంతో కలిపి ఇచ్చే ఓన్ డ్యామేజ్ మామూలుగా ఒక్క ఏడాదే. ఐదేళ్ల తేదీ పెద్దగా కనిపిస్తుంది, ఏడాది తేదీ కింద చిన్నగా ఉంటుంది. ఆయనది అప్పటికే ఆరు నెలల కింద అయిపోయింది. ఇదంతా వివరంగా చెప్పా, నేను నేర్చుకున్న తెలుగులోనే. ఆయనకు మొత్తం అర్థమైంది. అర్థమయ్యాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, టీ తాగకుండా లేచాడు. ఆయనకు ఏ మెయిల్ రాసినా పని జరగదు. ఏ సెక్షన్ కూడా లేదు ఆయన తరఫున.

నవంబర్‌లో మా పాలసీ రెన్యువల్ అయింది. నో క్లెయిమ్ బోనస్ పోయింది, ప్రీమియం కొంచెం పెరిగింది. రెండు గడుల్లోనూ ఇప్పుడు అంకెలున్నాయి. ఆ తండా అన్న రిపేరు చేయించుకోవడానికి పత్తి డబ్బులు వచ్చేదాకా ఆగాడని తర్వాత తెలిసింది. ఆ రెండున్నర నెలలు కూలికి ఆటోలో పోయి వచ్చాడు.

సెమిస్టర్ సెలవుల్లో మనలో చాలామంది ఊళ్లకు పోతాం. మీ ఇంట్లో బీరువాలోనో, అటక మీదో, బండి సీటు కిందో ఆ కవర్ ఉంటుంది. తీసి మూడే చూడండి: ఓన్ డ్యామేజ్ ఏ తేదీ దాకా ఉంది, యాక్సెసరీల గడిలో ఏముంది, బండి మీద ఉన్నదీ కాగితం మీద ఉన్నదీ ఒకటేనా. చూసి ఊరుకోకండి. అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని, మీ ఇంటి తెలుగులో చదివి వినిపించండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు మాత్రం సిద్ధంగా ఉండండి.